డెక్ మీద ఎన్ని, గాలిలో ఎన్ని

2022 సెప్టెంబరు 2న కొచ్చిలో కొత్త ఐఎన్ఎస్ విక్రాంత్ నౌకాదళంలో చేరిన రోజు పత్రికలన్నీ ఒక అంకెను ప్రముఖంగా అచ్చువేశాయి. ఈ నౌక 30 విమానాలను మోస్తుందన్నారు. మిగ్-29కె యుద్ధవిమానాలు, కామోవ్-31, ఎంహెచ్-60ఆర్ హెలికాప్టర్లు, దేశంలో తయారైన తేలికపాటి హెలికాప్టర్లు అన్నీ అందులోకే వస్తాయి. నౌక ఎంత పెద్దదో చెప్పడానికి ఆ అంకె చాలు. నడిసంద్రంలో తెల్లవారుజామున ఆ రోజు ఎగరాల్సినవాటి జాబితా ముందేసుకుని కూర్చున్న అధికారికి మాత్రం అది చాలదు. ఇప్పటికిప్పుడు ఎన్ని హెలికాప్టర్లు లేస్తాయి, రాత్రికి ఎన్ని మిగులుతాయి, నెల తిరిగేసరికి ఎన్ని పనిచేస్తూ ఉంటాయి? అతనికి కావలసింది ఈ లెక్క.

మన ఆర్టీసీ డిపోల్లో పనిచేసినవాళ్లకి ఇది కొత్త సంగతేమీ కాదు. యాభై రూట్లు నడపాలంటే యాభై బస్సులు చాలవు. గ్యారేజీలో ఉండేవాటిని కూడా కలుపుకునే లెక్క వేస్తారు. కాకపోతే డిపోకి అవసరమైతే పక్క ఊరినుంచి బస్సు వస్తుంది. సముద్రం మీద ఆ వీలు లేదు. రేవులో ఉండగా వేసుకున్న లెక్కతోనే నెలల తరబడి నెట్టుకురావాలి. విమానవాహక నౌకకు ఎన్ని హెలికాప్టర్లు ఇవ్వాలో తేల్చాల్సింది డెక్ మీది జాగా కాదు, మరమ్మతు పని. ఈ మాట వినడానికి తేలికగానే ఉంటుంది. అయినా ఎనభయ్యేళ్లలో పెద్ద పెద్ద నౌకాదళాలన్నీ దీన్ని ఎదురుదెబ్బలు తిన్నాకే ఒప్పుకున్నాయి.

మొదట్లో లెక్కల దాకా పోయే అవసరమే రాలేదు. ఇగోర్ సికోర్‌స్కీ తన వీఎస్-300ను 1939లో నేలమీంచి లేపాడు. 1943 మేలో అమెరికా సైన్యానికి చెందిన కల్నల్ ఫ్రాంక్ గ్రెగరీ, లాంగ్ ఐలాండ్ దగ్గర నీళ్లలో ఉన్న బంకర్ హిల్ అనే చమురు నౌక మీద ఎక్స్‌ఆర్-4 హెలికాప్టర్‌ను దించి, మళ్లీ లేపి చూపించాడు. మరుసటి ఏడు జనవరిలో డాగిస్తాన్ అనే బ్రిటిష్ సరుకు నౌక రెండు ఆర్-4లను ఎక్కించుకుని అట్లాంటిక్ కాన్వాయ్‌లో బయల్దేరింది. జర్మన్ జలాంతర్గాముల మీద కన్నేసి ఉంచడానికి హెలికాప్టర్ పనికొస్తుందేమో చూడాలని వాళ్ల ఉద్దేశం. చలికాలపు గాలులు ఆ రెండింటినీ దాదాపు దారి పొడుగునా డెక్ మీదనుంచి కదలనివ్వలేదు; ఎగిరింది కొన్నిసార్లే. గుడ్డ కప్పిన రోటర్ రెక్కలతో అంతకంటే ఆశించడం కూడా కష్టమే. అయినా ఆ ప్రయాణాన్ని విఫలమని నేననను. నౌక మీద హెలికాప్టర్ ఉండటం వేరు, అది అక్కరకు రావడం వేరు అని మొదటిసారి బయటపడింది అక్కడే.

యుద్ధం ముగిశాక హెలికాప్టర్‌కు విమానవాహక నౌక మీద ఒక స్థిరమైన ఉద్యోగం దొరికింది. విమానాలు లేచేటప్పుడు, దిగేటప్పుడు నౌక పక్కనే గాలిలో నిలబడి, సముద్రంలో పడ్డ పైలట్‌ను ఎత్తుకురావడం. అంతకుముందు ఈ పని వెనకాల వచ్చే డిస్ట్రాయర్‌ది. 1947లో ఫ్రాంక్లిన్ డి. రూజ్‌వెల్ట్ నౌకమీద జరిగిన ప్రయోగాల్లో సికోర్‌స్కీ హెలికాప్టర్ ఈ పనిని నిమిషాల్లో చేసి చూపించింది. 1948 ఏప్రిల్ 1న అమెరికా నౌకాదళం హెచ్‌యూ-1, హెచ్‌యూ-2 అనే రెండు స్క్వాడ్రన్లను ఏర్పాటు చేసింది. స్క్వాడ్రన్ మొత్తం ఎప్పుడూ సముద్రంలోకి వెళ్లేది కాదు. అది ఒడ్డునే ఉండి, బయల్దేరే ఒక్కో నౌకకు ఒక చిన్న బృందాన్ని పంపేది. కొందరు పైలట్లు, గుప్పెడుమంది మెకానిక్‌లు, ఒకటి రెండు హెలికాప్టర్లు. నౌకాదళాల్లో ఈనాటికీ ‘డెట్’ అని పిలుచుకునే డిటాచ్‌మెంట్ పద్ధతి అలా స్థిరపడింది.

ఆ బృందానికి రెండు హెలికాప్టర్లు ఇవ్వడంలో ఒక ఆలోచన ఉంది. గాలిలో ఉండాల్సింది ఒక్కటే. కానీ ఉన్న ఆ ఒక్కటీ చెడిపోతే పైలట్ల ప్రాణాలకు పూచీ ఉండదు, విమానాలను ఎగరనివ్వాలా వద్దా అన్న ప్రశ్న మొదలవుతుంది. పిస్టన్ ఇంజన్ల కాలం అది. చెడిపోవడం మామూలు విషయం. రెండోది ఉన్నదే అందుకు. ఈ లెక్క సులువైనది కాబట్టి ఎవరూ పెద్దగా తల బద్దలు కొట్టుకోలేదు. 1956 నవంబరులో సూయజ్ దాడిలో బ్రిటిష్ వాళ్లు ఓషన్, థీసియస్ నౌకలనుంచి 22 హెలికాప్టర్లతో 400 మందికి పైగా కమాండోలను గంటన్నరలో పోర్ట్ సయీద్‌లో దించారు. అది సాహసమే గానీ ఒక్కరోజు పని. ఒక్కరోజు కోసం అన్నిటినీ సిద్ధం చేసి పెట్టుకోవచ్చు. రోజుల తరబడి, రాత్రింబవళ్లు ఎగరాల్సి వచ్చినప్పుడే అసలు కష్టం తెలుస్తుంది.

ఆ కష్టాన్ని తెచ్చింది జలాంతర్గామి. 1950లలో హెలికాప్టర్లకు తాడుతో కిందికి దించే సోనార్ అమర్చారు. హెలికాప్టర్ నీటికి కాస్త పైన గాలిలో నిలబడుతుంది, సోనార్‌ను నీళ్లలో ముంచుతుంది, వింటుంది, పైకి లాక్కుని ఇంకోచోటికి పోయి మళ్లీ ముంచుతుంది. అప్పటి హెచ్ఎస్ఎస్-1 హెలికాప్టర్‌కు సోనార్‌నూ టార్పిడోనూ కలిపి మోసే శక్తి లేదు. అందుకే జంటగా పంపేవాళ్లు. ఒకటి వెతికేది, ఇంకొకటి కొట్టేది. ఒక పనికి రెండు హెలికాప్టర్లన్నమాట. 1959లో తొలిసారి ఎగిరి 1961లో దళంలో చేరిన సీకింగ్, రెండు టర్బైన్ ఇంజన్లతో వచ్చి ఆ రెండు పనులనూ ఒకే యంత్రంలోకి తెచ్చింది. రాత్రిపూట కూడా సముద్రం మీద కదలకుండా నిలబెట్టే ఆటోమేటిక్ వ్యవస్థ దానికి ఉండేది. బ్రిటన్‌లో వెస్ట్‌లాండ్ సంస్థ దాన్ని లైసెన్సు మీద తయారుచేసింది. ఆ బ్రిటిష్ సీకింగే తరవాత మన దగ్గరికీ వచ్చింది.

యంత్రం మెరుగుపడింది కదా, సంఖ్య తగ్గాలి. తగ్గలేదు. జలాంతర్గామి ఎప్పుడొస్తుందో చెప్పిరాదు. సోనార్ కాపలా రోజంతా ఉండాలి. ఆ ‘రోజంతా’ అన్న మాట ఎంత బరువైనదో ఒక లెక్క వేసి చూద్దాం. అంకెలు పద్ధతి చూపడానికి నేను తీసుకున్నవి. నౌకకు ముందు రెండు చోట్ల ఎప్పుడూ ఒక్కో హెలికాప్టర్ ఉండాలనుకుందాం. ఒక్కసారి లేస్తే నాలుగు గంటలు ఎగురుతుంది. వెళ్లడానికి అరగంట, రావడానికి అరగంట పోతే కాపలాకు మిగిలేది మూడు గంటలు. ఒక్కో చోటుకు రోజుకు 8 సార్లు, రెండు చోట్లకు 16 సార్లు హెలికాప్టర్లు లేవాలి. మొత్తం 64 గంటల ఎగరడం. ఇంధనం నింపి, పరీక్షలు చేసి, సిబ్బందిని మార్చి ఒక హెలికాప్టర్‌ను రోజుకు మూడుసార్లు మించి పంపలేం. కాబట్టి పనిచేసేవి ఆరు కావాలి. ప్రతి నాలుగింటిలో ఒకటి హ్యాంగర్‌లో విప్పి ఉంటుందనుకుంటే ఆ ఆరు కోసం ఎనిమిది ఉంచుకోవాలి. ప్రాణరక్షణకు ఇంకొకటి. తొమ్మిది.

గాలిలో ఎప్పుడూ కనిపించేది రెండే. వాటి వెనక తొమ్మిది. బ్రిటిష్ నౌకాదళం 1980లో దళంలో చేర్చుకున్న ఇన్విన్సిబుల్ నౌకకు మొదట అనుకున్న విమాన దళంలో సీ హారియర్లు 5, సీకింగ్‌లు 9 ఉండటాన్ని ఈ వెలుగులో చూడాలి. జలాంతర్గాముల వేటకోసం కట్టిన నౌకలో యుద్ధవిమానాలకంటే హెలికాప్టర్లే ఎక్కువ. పైగా ఆ నౌక హ్యాంగర్ గ్యాస్ టర్బైన్ల పొగగొట్టాలవల్ల మధ్యలో సన్నబడి ఉండేది. లోపలి హెలికాప్టర్‌ను బయటికి తీయాలంటే ముందున్నవాటిని జరపాలి. ఏది ఏ మూల పెట్టాలన్నది కూడా మరమ్మతు ప్రణాళికలో భాగమైపోయింది.

మనుషుల లెక్క ఇంకా పెద్దది. జలాంతర్గాముల వేటలో సీకింగ్‌కు నలుగురు సిబ్బంది: ఇద్దరు పైలట్లు, అబ్జర్వర్, సోనార్ ఆపరేటర్. మనం వేసుకున్న లెక్క ప్రకారం ఒక బృందం రోజుకు రెండుసార్లు ఎగిరితే ఎనిమిది బృందాలు, అంటే 32 మంది. ఇక ఒక గంట ఎగరడానికి నేలమీద ఇరవై మనిషి-గంటల పని ఉందనుకుంటే రోజుకు 1,280 గంటలు. పన్నెండేసి గంటల షిఫ్టులో నిజంగా చేతిపని జరిగేది ఎనిమిది గంటలే అనుకున్నా 160 మంది మెకానిక్‌లు, ఎలక్ట్రీషియన్లు, ఆయుధాలు చూసేవాళ్లు కావాలి. వీళ్లందరికీ నౌకలో పడక, తిండి, మంచినీళ్లు ఉండాలి. హెలికాప్టర్‌కు చోటు దొరికినా దాన్ని చూసుకునే మనిషికి బంకు దొరకని నౌకలు చాలా ఉన్నాయి. హెలికాప్టర్ల సంఖ్య తగ్గించిన చాలా నిర్ణయాలు అలాంటి చోటే జరుగుతాయి. వాటి గురించి బయటికి ఎవరూ చెప్పరు.

సముద్రం చేసే హాని వేరు. ఉప్పు నీటి తుంపర ఇంజన్ కంప్రెసర్ బ్లేడ్ల మీద పేరుకుంటుంది. ఎగిరొచ్చిన ఇంజన్లను మంచినీళ్లతో కడగాలి. ఒళ్లంతా తుడిచి తుప్పు నిరోధక ద్రవం పూయాలి. ఆ తరం హెలికాప్టర్లలో గేర్‌బాక్స్ పెట్టెలను బరువు తగ్గించడానికి మెగ్నీషియం లోహమిశ్రమాలతో చేసేవారు. ఉప్పుగాలికి తొందరగా తుప్పు పట్టే లోహాల్లో అదొకటి. గాలిలో నిలబడి సోనార్ ముంచే హెలికాప్టర్ గంటల తరబడి తన రోటర్ లేపిన ఉప్పు తుంపరలోనే ఉంటుంది. ఒడ్డున ఎగిరే హెలికాప్టర్ల అనుభవం నుంచి తీసిన మరమ్మతు అంకెలు ఇక్కడ పనికిరాకపోవడానికి కారణం అదే.

వీటన్నిటికంటే సూక్ష్మమైనది, నాకు అన్నిటికంటే గొప్పగా తోచేది ‘స్టాగర్’. ప్రతి హెలికాప్టర్‌కూ నిర్ణీత గంటలు ఎగిరాక పెద్ద తనిఖీ ఉంటుంది. అప్పుడు దాన్ని రోజుల తరబడి విప్పి ఉంచాలి. తొమ్మిదింటినీ కొత్తగా తనిఖీ చేయించి ఒకేసారి నౌక ఎక్కించామనుకోండి. పైకి చూస్తే అంతకంటే మంచి ఏర్పాటు ఉండదు. కానీ రోజూ సమానంగా ఎగిరితే తొమ్మిదికీ తనిఖీ ఒకే వారంలో వచ్చిపడుతుంది. ఆ వారం నౌకకు హెలికాప్టర్లే ఉండవు. అందుకే ఇంజనీరింగ్ అధికారి ముందే ఒక పట్టిక గీస్తాడు. ఒకదానికి తనిఖీ వరకు ఇరవై గంటలే మిగలాలి, తరవాతిదానికి నలభై, ఆపైదానికి అరవై... ఇలా పట్టిక మీద ఏటవాలు గీత రావాలి. ఆ గీత చెదరకుండా ఈ రోజు దేన్ని ఎక్కువ ఎగరేయాలో, దేన్ని ఆపాలో అతను చెబుతాడు. పైలట్లకు ఇది ఒక్కోసారి విసుగు పుట్టిస్తుంది. బాగా పనిచేస్తున్న హెలికాప్టర్‌ను హ్యాంగర్‌లో పెట్టి, చిన్న చిన్న లోపాలున్నదాన్ని ఇస్తున్నారేమిటని అడుగుతారు. నాలుగు నెలల ప్రయాణంలో చివరి నెల సజావుగా సాగడం ఆ విసుగును ఓర్చుకోవడం మీదే ఆధారపడి ఉంటుంది.

విడిభాగం అందనప్పుడు చేసే ఒక పని గురించి కూడా చెప్పాలి. ఒక హెలికాప్టర్‌నుంచి భాగం ఊడదీసి ఇంకొకదానికి బిగించడం. ఆ పూటకు ఒకటి ఎగురుతుంది. కానీ ఊడదీయడం ఒక పని, బిగించడం ఒక పని, తరవాత అసలు భాగం వచ్చాక మళ్లీ బిగించడం మూడో పని. ఇచ్చిన హెలికాప్టర్ క్రమంగా గుల్లవుతుంది. ఈ అలవాటు ముదిరిందంటే విడిభాగాల అంచనా తప్పిందని అర్థం.

అమెరికా 1970ల మొదట్లో జలాంతర్గాముల వేటకని ప్రత్యేకంగా ఉంచిన పాత ఎసెక్స్ తరగతి నౌకలను విరమింపజేసి, వాటి సీకింగ్‌లను పెద్ద విమానవాహక నౌకల మీదికే తెచ్చింది. అంతకుముందు ఒక నౌకంతా తమదే అన్నట్టున్న హెలికాప్టర్లు ఇప్పుడు యుద్ధవిమానాల మధ్య చోటు వెతుక్కోవాల్సి వచ్చింది. డెక్ మీద ప్రతి అడుగుకూ పోటీ ఉన్న చోట హెలికాప్టర్ల వంతు ఎప్పుడూ చివరిదే.

ఆ ధోరణికి చెల్లించిన మూల్యం 1980 ఏప్రిల్ 24 రాత్రి ఇరాన్ ఎడారిలో కనిపించింది. టెహ్రాన్‌లో బందీలుగా ఉన్న అమెరికన్లను విడిపించడానికి నిమిట్జ్ నౌకనుంచి 8 ఆర్‌హెచ్-53డి హెలికాప్టర్లు లేచాయి. పని ముందుకు సాగాలంటే ఎడారిలోని మజిలీకి చేరాక కనీసం 6 పనిచేస్తూ ఉండాలని ముందే నిర్ణయించారు. దారిలో ఒకదానికి రోటర్ రెక్కలో పగులు ఉందేమోనన్న హెచ్చరిక వెలిగింది. ఆ రెక్కల లోపల ఒత్తిడితో నైట్రోజన్ నింపుతారు. ఒత్తిడి తగ్గితే పగులు ఉన్నట్టు భావిస్తారు. సిబ్బంది దాన్ని ఎడారిలో వదిలేసి ఇంకో హెలికాప్టర్ ఎక్కారు. ఇంకొకటి దుమ్ము తెరలో పరికరాలు పనిచేయక నౌకకు తిరిగిపోయింది. మూడోది మజిలీకి చేరింది గానీ హైడ్రాలిక్ వ్యవస్థ దెబ్బతిని ఉంది. మిగిలినవి 5. ఒక్కటి తక్కువ. ప్రయత్నాన్ని రద్దుచేశారు. వెనక్కి మళ్లే హడావుడిలో ఒక హెలికాప్టర్ సి-130 విమానాన్ని ఢీకొని 8 మంది చనిపోయారు.

ఆ తరవాత అడ్మిరల్ జేమ్స్ హాలోవే అధ్యక్షతన జరిగిన సమీక్ష హెలికాప్టర్ల సంఖ్యను ప్రత్యేకంగా పరిశీలించింది. గత అనుభవ గణాంకాలు చూస్తే కనీసం 10, 11, అవసరమైతే 12 హెలికాప్టర్లు కావాల్సిందనీ, నిమిట్జ్ మీద మరికొన్నిటిని ఎక్కించే వీలుందనీ తేల్చింది. ఈ మాటలో ఎంత సత్యం ఉందో చిన్న లెక్కతో తెలుస్తుంది. ఒక్కో హెలికాప్టర్ గమ్యం చేరే అవకాశం నూటికి 80 అనుకుందాం. 8తో బయల్దేరితే 6 మిగిలే అవకాశం నూటికి దాదాపు 80. 10తో బయల్దేరితే అది 97 అవుతుంది. అదనపు రెండు హెలికాప్టర్లు చేసేది అంత. గోప్యత పేరుతోనో, ఇంకో కారణంతోనో ఆ రెండింటిని ఎక్కించకపోవడం క్షమించరాని విషయమని నా అభిప్రాయం. హెలికాప్టర్లు చెడిపోతాయని ఆ రాత్రి కొత్తగా తెలిసిందేమీ కాదు. రెక్కల హెచ్చరికలు, హైడ్రాలిక్ లీకులు మెకానిక్‌ల లాగ్ పుస్తకాల్లో అంతకుముందునుంచీ ఉన్నవే. ఆ పుస్తకాలను ప్రణాళిక వేసే బల్ల మీదికి తేవడమే జరగలేదు.

రెండేళ్లకు దక్షిణ అట్లాంటిక్‌లో ఇంకో రకం పాఠం. 1982 ఫాక్‌లాండ్స్ యుద్ధానికి బ్రిటన్ పంపిన హెర్మెస్, ఇన్విన్సిబుల్ నౌకల మీద సీకింగ్‌లు వారాల తరబడి కాపలా కాశాయి. ఆ క్రమంలో హెర్మెస్ మీది 826 స్క్వాడ్రన్ మేలో రెండు సీకింగ్‌లను సముద్రంలో పోగొట్టుకుంది. రెంటిలోనూ సిబ్బంది బతికారు. మే 4న షెఫీల్డ్ డిస్ట్రాయర్‌కు ఎక్సోసెట్ క్షిపణి తగిలాక పైనుంచి చూసే రాడార్ లేకపోవడం ఎంత ప్రమాదమో తెలిసింది. పదకొండు వారాల్లో రెండు సీకింగ్‌లకు సెర్చ్‌వాటర్ రాడార్ బిగించి, ఆగస్టులో ఇలస్ట్రియస్ నౌకతో పంపారు. యుద్ధం అప్పటికే ముగిసింది. తరవాత 849 స్క్వాడ్రన్ ఈ రాడార్ సీకింగ్‌లను నౌకకు మూడు చొప్పున పంపే పద్ధతి పెట్టుకుంది. ఒకటి గాలిలో, ఒకటి డెక్ మీద సిద్ధంగా, ఒకటి హ్యాంగర్‌లో. ఒక పనిని నిరంతరం నడపడానికి కావలసిన కనీస సంఖ్య అది.

అదే యుద్ధంలో మే 25న అట్లాంటిక్ కన్వేయర్ అనే సరుకు నౌక క్షిపణి దెబ్బకు తగలబడింది. 12 మంది చనిపోయారు. మూడు చినూక్, ఆరు వెసెక్స్ హెలికాప్టర్లు బూడిదయ్యాయి. సైనికులు తూర్పు ఫాక్‌లాండ్‌ను చాలావరకు మూటలు మోసుకుంటూ నడిచి దాటాల్సి వచ్చింది ఆ నష్టంవల్లే. ఆ సమయంలో గాలిలో ఉన్న ఒకే ఒక్క చినూక్ మిగిలింది. దాని పిలుపు సంకేతం బ్రావో నవంబర్. విడిభాగాలు, పనిముట్లు, మరమ్మతు పుస్తకాలు అన్నీ నౌకతో పాటే పోయాయి. అయినా అది యుద్ధం ముగిసేదాకా ఎగిరింది; ఒకసారి 81 మంది సైనికులను ఒకే విడతలో మోసింది. దీన్ని యంత్రం ఘనతగా చెప్పుకుంటారు గానీ నేను మెకానిక్‌ల ఘనత అంటాను. చేతిలో ఏమీ లేకుండా, ఏ లోపాన్ని ఓర్చుకోవచ్చో దేన్ని ఓర్చుకోకూడదో అనుభవంతో తేల్చుకుంటూ వాళ్లు ఆ ఒక్కదాన్ని నిలబెట్టారు. ప్రణాళిక వేసేవాళ్లు దాన్నుంచి తీసుకోవలసింది ఇంకొకటి ఉంది. హెలికాప్టర్లనూ వాటి విడిభాగాలనూ ఒకే నౌకలో పెట్టకూడదు.

ఇవాళ అమెరికా విమానవాహక నౌక మీద రెండు హెలికాప్టర్ స్క్వాడ్రన్లు ఉంటాయి. ఒకదానిలో 8 ఎంహెచ్-60ఎస్‌లు, ఇంకొకదానిలో 11 ఎంహెచ్-60ఆర్‌లు. ఆ పదకొండులో కొన్ని పక్కనున్న డిస్ట్రాయర్లకు, క్రూయిజర్లకు వెళ్తాయి. పెద్ద నౌకే ఆ చిన్న బృందాలకు మరమ్మతు కేంద్రం. బ్రిటన్ తన మెర్లిన్ హెలికాప్టర్లలో 30ని మాత్రమే ఆధునికీకరించింది. జలాంతర్గాముల వేటకూ, గాల్లోంచి రాడార్ కాపలాకూ అవే. 2021లో క్వీన్ ఎలిజబెత్ విమానవాహక నౌక దూరప్రయాణానికి వాటిలోంచి 7 పంపగలిగింది. ఆ నౌకాదళం ఆ ఏడు జులైలో బంగాళాఖాతంలో మన నౌకలతో కలిసి విన్యాసాలు చేసింది. ఏడింటిని ఒక నౌకకు ఇస్తే ఇంటి దగ్గర ఫ్రిగేట్లకు ఎన్ని మిగులుతాయన్న చర్చ బ్రిటన్‌లో ఇప్పటికీ సాగుతోంది.

మన కథలో ఈ పాఠాలన్నీ కనిపిస్తాయి. 1961 మార్చి 4న బెల్‌ఫాస్ట్‌లో దళంలో చేరిన మొదటి విక్రాంత్ మీద హెలికాప్టర్ పని పైలట్లను కాపాడటం. దానికి అలూయెట్, అదే బెంగళూరులో తయారైన చేతక్. జలాంతర్గాముల బాధ్యత ఫ్రెంచి అలీజే విమానాలది. 1971 ఏప్రిల్‌లో కొచ్చిలో సీకింగ్‌లతో 330 స్క్వాడ్రన్ మొదలైంది. అదే ఏడు డిసెంబరు 3, 4 తేదీల మధ్య రాత్రి విక్రాంత్‌ను వెతుక్కుంటూ వచ్చిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ విశాఖపట్నం రేవు ముందు మునిగిపోయింది. ఆ సమయానికి విక్రాంత్ అండమాన్ వైపు ఉంది. ఒక బాయిలర్ పగిలి వేగం తగ్గిన నౌకను శత్రు జలాంతర్గామి వెంటాడటమంటే ఏమిటో విశాఖవాసులకు ఎవరూ చెప్పనక్కర్లేదు. 

ఫాక్‌లాండ్స్‌కు వెళ్లిన హెర్మెస్సే 1987 మే 12న మన విరాట్ అయింది. అదే ఏడు అలీజేలు నౌక డెక్ వదిలి ఒడ్డుకు వచ్చాయి. జలాంతర్గాముల వేట పూర్తిగా సీకింగ్‌ల మీద పడింది. అక్కడినుంచి విరాట్ మీద ఎన్ని సీకింగ్‌లుండాలన్న ప్రశ్నకు జవాబు కొచ్చి, గోవాల్లోని నేవల్ ఎయిర్‌క్రాఫ్ట్ యార్డుల్లోనూ విదేశీ సరఫరాదారుల దగ్గరా ఉండేది. 1998 మేలో పోఖ్రాన్ అణుపరీక్షల తరవాత ఆ రెండోది తెగిపోయింది. సీకింగ్ బ్రిటిష్ తయారీయే అయినా దాని మూలం అమెరికాది. అమెరికా ఆంక్షలతో విడిభాగాలు ఆగాయి. హెలికాప్టర్లు కళ్లముందే ఉండి ఎగరలేని పరిస్థితి వచ్చింది. యార్డుల్లో పనిచేసిన సాంకేతిక సిబ్బంది ఉన్నవాటిలోంచి ఉన్నవాటిని బతికించిన కాలం అది. వాళ్ల గురించి ఒక పుస్తకం రావాలని నా కోరిక.

ఆ దెబ్బ తగిలిన కొద్దికాలానికే రష్యా నుంచి కామోవ్-31లు వచ్చాయి. 2003లో గోవాలో 339 స్క్వాడ్రన్ మొదలైంది. పొట్టకింద తిరిగే పెద్ద రాడార్, తోక రోటర్ లేకుండా ఒకదాని మీద ఒకటి తిరిగే రెండు రోటర్లు. ఇరుకు హ్యాంగర్లకు ఆ ఆకారం బాగా నప్పుతుంది. కానీ ఇది ఇంకో దేశపు యంత్రం. పనిముట్లు వేరు, పుస్తకాల భాష వేరు, విడిభాగాల దారి వేరు. ఒకే డెక్ మీద సీకింగ్, కామోవ్, చేతక్ మూడూ ఉంటే ముగ్గురు వేర్వేరు నిపుణుల బృందాలు, మూడు విడిభాగాల గదులు కావాలి. నౌక మీది మొత్తం సంఖ్య పెరిగినా ఒక్కో రకం నుంచి ఎగిరేవి పెరగవు. మన నౌకాదళాన్ని ఈ సమస్య ఇంకా వదల్లేదు.

విశాఖలోని నౌకాదళ వైమానిక స్థావరం ఐఎన్ఎస్ డేగాలో 2009నుంచి 350 స్క్వాడ్రన్ నడిపిన ఆరు యూహెచ్-3హెచ్‌లు జలాశ్వ నౌకతో పాటు అమెరికానుంచి వచ్చిన పాత సీకింగ్‌లే. 2024 జూన్ 28న వాటికి వీడ్కోలు చెప్పారు. అంతకుముందే 2022 జులైలో డేగాలో మొదలైన 324 స్క్వాడ్రన్‌కు దేశీయ ధ్రువ్ హెలికాప్టర్ మార్క్-3 రకం ఇచ్చారు. ధ్రువ్‌తో నౌకాదళానికి మొదటినుంచీ ఒక ఇబ్బంది ఉంది. దాని రెక్కలను చిన్న నౌకల హ్యాంగర్లకు తగినట్టు మడవడం కుదరలేదు. 2025 జనవరి 5న పోర్‌బందర్‌లో కోస్ట్‌గార్డ్ ధ్రువ్ కూలి ముగ్గురు చనిపోయాక దేశంలోని 300కు పైగా ధ్రువ్‌లను ఆపేశారు. సైన్యం, వాయుసేన వాడే రకాలకు ముందుగా అనుమతి వచ్చింది. నౌకాదళానివి అంతకంటే ఎక్కువ కాలం నేలమీదే ఉన్నాయి. ఇలాంటి రోజును ఏ స్టాగర్ పట్టికా కాపాడలేదు. ఒకే రకం మీద అన్నీ ఆధారపడితే ఒక్క లోపం మొత్తాన్ని ఆపుతుంది. రకాలు ఎక్కువైతే విడిభాగాలు చీలిపోతాయి. ఈ రెండింటి మధ్య సరైన చోటేదో తేల్చడం ఇవాళ మన నౌకాదళ ఇంజనీర్ల ముందున్న పెద్ద సమస్య.

సీకింగ్‌ల స్థానంలో అమెరికానుంచి 24 ఎంహెచ్-60ఆర్‌లు కొనడానికి 2020లో ఒప్పందం అయింది. 2024 మార్చి 6న కొచ్చిలో 334 స్క్వాడ్రన్ వాటితో మొదలైంది. 24 అన్న అంకెను ఇప్పుడు మనం నేర్చుకున్న పద్ధతిలో చదువుదాం. నాలుగింటిలో ఒకటి పెద్ద తనిఖీల్లో ఉంటుందనుకుంటే 6 పోయి 18. పైలట్లకూ మెకానిక్‌లకూ శిక్షణ ఇవ్వడానికి ఒడ్డున 4 ఉంచితే 14. విక్రాంత్‌కు 4, ఇంకో విమానవాహక నౌక విక్రమాదిత్యకు 4 ఇచ్చామనుకుందాం. నాలుగు ఉన్న నౌక రోజంతా ఒక్క చోట మాత్రమే సోనార్ కాపలా కాయగలదు. డిస్ట్రాయర్లకూ ఫ్రిగేట్లకూ అన్నిటికీ కలిపి మిగిలేవి 6. 2025 నవంబరులో ఈ హెలికాప్టర్ల నిర్వహణకు ఐదేళ్లపాటు దాదాపు 8 వేల కోట్ల రూపాయల ఏర్పాటు కుదిరింది. విడిభాగాలతో పాటు మధ్యస్థాయి మరమ్మతులు, నిర్ణీతకాల తనిఖీలు భారతదేశంలోనే చేసే సదుపాయాలు అందులో ఉన్నాయి. ఆ తనిఖీలు ఇక్కడే తొందరగా ముగిసి, ఎప్పుడూ విప్పి ఉండే ఆరు నాలుగైతే, నౌకాదళానికి కొత్తగా కొనకుండానే రెండు హెలికాప్టర్లు దక్కుతాయి.